మా అప్పుల మీద మీ పరిశోధన: రిజర్వు బ్యాంకు ఆర్థికవేత్తలకు బహిరంగ లేఖ

భారత రిజర్వు బ్యాంకు ఆర్థిక, విధాన పరిశోధన విభాగంలోని అధికారులకు, మన బ్యాంకుల మీద పరిశోధన చేస్తున్న విశ్వవిద్యాలయాల ఆచార్యులకు,

నమస్కారం.

నేను గ్రామీణ బ్యాంకులో గుమాస్తాగా చేరి, శాఖ మేనేజరుగా పదవీ విరమణ చేసినవాణ్ని. ఉద్యోగంలో ఉన్నంతకాలం సర్క్యులర్లు చదవడానికే పొద్దు చాలలేదు. ఇప్పుడు తీరిక దొరికింది కాబట్టి, బ్యాంకుల గురించి ప్రపంచంలో వస్తున్న పరిశోధన పత్రాలను వెతుక్కుని చదువుతున్నాను. వాటిలోని గణితం నాకు సగమే కొరుకుడు పడుతుంది. ఊళ్ల పేర్లు, జిల్లాల పేర్లు మాత్రం బాగానే అర్థమవుతాయి. మహబూబ్‌నగర్, అనంతపురం, హైదరాబాదు బస్తీలు పదేపదే ఎదురవుతుంటాయి. పేదవాడి అప్పు గురించి, పొదుపు గురించి, పంట బీమా గురించి పెద్ద విశ్వవిద్యాలయాలు పాఠాలుగా చెబుతున్న దానిలో చెప్పుకోదగ్గ భాగం తెలుగు ఇళ్ల అరుగుల మీద కూర్చుని అడిగి రాసుకున్నదే.

పరిశోధన పత్రాల్లో ఔరేపల్లిగా పేరు పడ్డ ఊరు ఒకటి పాత పాలమూరు జిల్లాలో ఉంది. మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ సంస్థ 1975 నుంచి అక్కడి కుటుంబాల రాబడి, ఖర్చు, అప్పు వివరాలు నమోదు చేయించింది. ఆ ఊరితో పాటు మహారాష్ట్రలోని రెండు ఊళ్ల లెక్కలు తీసుకుని, వాన పడని ఏడు, ఇంట్లో జబ్బు చేసిన ఏడు పల్లెలో జనం ఒకరినొకరు ఎంతవరకు ఆదుకుంటారో 1994లో రాబర్ట్ టౌన్సెండ్ అనే ఆర్థికవేత్త పరిశీలించారు. అభివృద్ధి అర్థశాస్త్రం చదివే విద్యార్థి ఏ దేశంలో ఉన్నా ఆ పత్రాన్ని దాటుకుని పోలేడు. అందులో ఏం తేలిందో ఔరేపల్లి రైతుకు తెలుగులో చెప్పే కాగితం ఒక్కటి కూడా ఇంతవరకు నా కంటపడలేదు.

మిమ్మల్ని అడగదలచుకున్నవి రెండు. మా మీద చేసిన పరిశోధన మాకు తెలుగులో చేరాలి. మా అప్పుల గురించి మీ దగ్గర పోగుపడి ఉన్న లెక్కలను, ఖాతాదారుల పేర్లు తీసేసి, బయటి పరిశోధకులకు అందుబాటులో పెట్టాలి. మొదటిది జరగకపోతే రెండోది అడిగేవారే పుట్టరు. అందుకే రెంటినీ కలిపి రాస్తున్నాను.

ఇది మీ దయ కోరడమని అనుకోకండి. మీ సంస్థను పుట్టించిన చట్టంలోనే ఈ పని రాశారు. 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం 54వ సెక్షన్ మొదట్లో, వ్యవసాయ పరపతి సమస్యలన్నిటినీ అధ్యయనం చేయగల నిపుణులతో ఒక ప్రత్యేక విభాగం నడపాలని చెప్పింది. రూపాయి విలువ కాపాడడానికి పెట్టిన బ్యాంకుకు పుట్టుకతోనే రైతు అప్పును చదివే బాధ్యత అప్పగించారన్నమాట. 1982లో నాబార్డు వచ్చాక అందులో చాలా భాగం అటు మళ్లింది, నిజమే. కానీ ఆ బాధ్యతను మీ సంస్థ ఒకప్పుడు ఎంత దర్జాగా నిర్వహించిందో గుర్తు చేయకుండా ఉండలేను. ఏ.డి. గోర్వాలా అధ్యక్షతన జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే 1951-52లో 75 జిల్లాల్లో 600 గ్రామాలు తిరిగింది. రైతులు చేసిన అప్పుల్లో సహకార సంఘాల వాటా 3.1 శాతం, వాణిజ్య బ్యాంకుల వాటా 0.9 శాతం అని తేల్చింది. తక్కినదంతా దాదాపుగా వడ్డీ వ్యాపారులు, భూస్వాములు, బంధువులు ఇచ్చినదే. ఆ 0.9 శాతం అంకె ఎంత పని చేసిందంటే, 1955 జులై 1న ఇంపీరియల్ బ్యాంకు కాస్తా స్టేట్ బ్యాంకుగా మారింది. పరిశోధన వల్ల దేశంలో అతి పెద్ద బ్యాంకు స్వరూపం మారిపోయిన సందర్భం ఇంకొకటి నాకు తెలియదు.

దానివెంట 1969 జులైలో 14 బ్యాంకుల జాతీయకరణ, 1980లో ఇంకో ఆరింటిది వచ్చాయి. మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో పెట్టిన ఆంధ్రా బ్యాంకు ఈ రెండో విడతలోదే. బ్యాంకు లేని చోట నాలుగు శాఖలు తెరిస్తేనే ఉన్న చోట ఒకటి తెరవనిస్తామన్న నియమం మీరు 1977 నుంచి 1990 దాకా అమలు చేశారు. నాలాంటివాళ్లకు ఉద్యోగాలు వచ్చిన వాతావరణం అది. రాబిన్ బర్గెస్, రోహిణి పాండే ఆ నియమం మొదలైన ఏడాదినీ ఆగిన ఏడాదినీ కొలబద్దలుగా పెట్టుకుని, పల్లెల్లో శాఖలు పెరగడం వల్ల గ్రామీణ పేదరికం తగ్గిందని 2005లో చూపించారు. బకాయిలు వసూలు కాక ఆ శాఖలు నష్టాలు మోశాయన్న సంగతీ వాళ్లు దాచలేదు. వాళ్ల పద్ధతి సరిగా లేదని వాదించిన ఆర్థికవేత్తలూ ఉన్నారు. ఆ వాదం నాకు నచ్చుతుంది, ఎందుకంటే ఇరుపక్షాలూ ఒకే లెక్కలను ముందు పెట్టుకుని కొట్లాడుకున్నాయి. లెక్కలు బయట ఉన్నాయి కాబట్టే కొట్లాట సాధ్యమైంది.

ఇక మా రాష్ట్రం గురించి అసలు చెప్పాల్సిన కథ సూక్ష్మరుణాలది, అంటే పేద కుటుంబాలకు, ఎక్కువగా ఆడవాళ్లకు, ఇచ్చే చిన్న అప్పులది.

హైదరాబాదులో 104 బస్తీలను ఎంచి, వాటిలో సగం చోట్ల స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ ముందుగా శాఖలు తెరిచేలా, ఏ బస్తీ అన్నది లాటరీ పద్ధతిలో తేలేలా అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్ ఏర్పాటు చేశారు. అప్పట్లో సూక్ష్మరుణం పేదరికాన్ని పారదోలుతుందని, ఆడవాళ్ల చేతికి అధికారం ఇస్తుందని ఊదరగొట్టేవారు. 2015లో అచ్చయిన వీరి ఫలితాలు ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లాయి. అప్పు తీసుకున్న కుటుంబాలే నాలుగో వంతుకు కాస్త పైన. అంతకుముందే చిన్న వ్యాపారం ఉన్నవారు దానిలో పెట్టుబడి పెంచారు. కొందరు ఇంట్లోకి మన్నికైన వస్తువులు కొనుక్కుని, టీలు, పొగాకు, పండగల ఖర్చు తగ్గించుకున్నారు. చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవారి మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. వినాశనమూ లేదు, అద్భుతమూ లేదు. నాలుగేళ్లకు 2019లో బెనర్జీ, డఫ్లోలకు నోబెల్ బహుమతి వచ్చినప్పుడు మన పత్రికలు బహుమతి గురించి పేజీలు నింపాయి. ఈ బస్తీల ప్రస్తావన నేను చూసిన వాటిలో ఒకటి రెండు వాక్యాలకు మించలేదు.

ఆ ఫలితాలు అచ్చు కాకముందే 2010 వచ్చింది. వాయిదాలు కట్టలేనివారి ఇళ్ల ముందు వసూలు మనుషులు బైఠాయించిన రోజులు, ఆత్మహత్యల వార్తలు చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటాయి. అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం వసూళ్లు ఆగిపోయాయి, ఆ వెంటనే తిరిగి చెల్లింపులూ కుప్పకూలాయి. ఈ రుణాల సంగతి పరిశీలించడానికి మీరు వై.హెచ్. మాలేగాం కమిటీ వేశారు, 2011లో వడ్డీకి 26 శాతం పరిమితి పెట్టారు, 2022లో ఆ పరిమితి ఎత్తేశారు. కమిటీ నివేదికలు అందరూ చదివారు. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ 2021లో ప్రచురించిన పత్రం మాత్రం మన దగ్గర చర్చకు రాలేదు. వాళ్ల ఆలోచన తెలివైనది. ఇక్కడ దెబ్బతిన్న సంస్థలు డబ్బు చాలక వేరే రాష్ట్రాల్లోనూ అప్పులివ్వడం తగ్గించాయి. ఆ జిల్లాల్లో ఎవరూ ఆర్డినెన్సు తేలేదు, ఎవరూ ఎగవేయలేదు. అయినా అప్పు ఎండిపోయింది. అలాంటి జిల్లాల్లో కూలి రేట్లు పడిపోయాయని, కుటుంబాల సంపాదన, ఖర్చు తగ్గాయని వాళ్లు చూపించారు. అప్పు తీసుకోని కూలీకి కూడా అప్పు ఆగిపోవడం వల్ల నష్టం జరిగింది.

ఈ రెండు పత్రాల్లో సింథియా కిన్నన్ ఉన్నారన్నది గమనించండి. ఒక బస్తీలో అప్పు కొత్తగా వస్తే జీవితం పెద్దగా మారలేదంటుంది మొదటిది. జిల్లా మొత్తంలో అప్పు ఒక్కసారి మాయమైతే కూలీవాడి జేబు తరిగిందంటుంది రెండోది. ఇవి ఒకదానికొకటి అడ్డం కావు. వీటిని పక్కపక్కన పెట్టి ఎవరైనా తెలుగులో విడమరిచి ఉంటే, మా దగ్గర సూక్ష్మరుణాల మీద నడిచిన చర్చ వేరుగా ఉండేది. ‘జలగలు’ అనేవారికీ ‘పేదల దేవుళ్లు’ అనేవారికీ మధ్య మనం ఇన్నేళ్లూ ఊగిసలాడాం. ఈ రోజుకీ యాప్‌ల అప్పుల గురించి అదే తంతు నడుస్తోంది.

రుణమాఫీ సంగతికి వస్తాను. 2008లో కేంద్రం తెచ్చిన మాఫీలో రెండు హెక్టార్ల లోపు రైతులకు బకాయి మొత్తం పోయింది. అంతకు మించి భూమి ఉన్నవారు 75 శాతం కడితే మిగతా పాతిక పోయింది. జేవియర్ జినే, మార్టిన్ కాన్జ్ ఆ తర్వాత జిల్లాలవారీగా ఏం జరిగిందో చూశారు. పంట దిగుబడి పెరగలేదు, కూలి పెరగలేదు. మాఫీ ఎక్కువగా అందిన జిల్లాలకు బ్యాంకులు కొత్త అప్పులు తగ్గించి, ఎగవేతలు తక్కువున్న చోట్లకు మళ్లించాయి. కొత్త అప్పుల్లో మొండి బకాయిలు మళ్లీ పెరిగాయి. వారికన్నా ముందే షాన్ కోల్ అనే ఆచార్యుడు 2009లో ఇంకొకటి చూపించాడు: ఎన్నికల ఏడాదిలో ప్రభుత్వ బ్యాంకుల వ్యవసాయ రుణాల వృద్ధి 5 నుంచి 10 శాతం పాయింట్లు పెరుగుతుంది, పంట మాత్రం పెరగదు. శాఖలో పనిచేసినవాళ్లెవరికీ ఇది వింత కాదు. ఫలానా పథకం కింద ఇన్ని అప్పులు ఫలానా తేదీలోగా ఇవ్వాలన్న ఫోన్లు ఏ ఋతువులో ఎక్కువ మోగుతాయో మాకు బాగా తెలుసు.

2014లో ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబానికి లక్షన్నర, తెలంగాణలో లక్ష, 2024లో తెలంగాణలో రెండు లక్షల మాఫీలు వచ్చాయి. మాఫీ చెడ్డదని వాదించడానికి ఈ లేఖ రాయడం లేదు. 2019 జాతీయ నమూనా సర్వే ప్రకారం వ్యవసాయ కుటుంబాల్లో అప్పుల్లో ఉన్నవి ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. దేశం సగటు 50.2. ఒక్కో కుటుంబం మీద సగటు అప్పు ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554 రూపాయలు, ఇది దేశంలోనే ఎక్కువ. అప్పుల ఊబి ఇంత లోతున ఉన్న చోట మాఫీ అడగకుండా ఉండమని ఎవరికి చెప్పగలం? కానీ మాఫీ తర్వాత తన ఊరి శాఖ తనకు కొత్త అప్పు ఇవ్వడానికి ఎందుకు నసుగుతోందో తెలుసుకునే హక్కు ఆ రైతుకు ఉంది. ఆ సమాధానం ఇంగ్లీషు పత్రికలో, చందా కట్టినవారికే తెరుచుకునే చోట ఉంది. ఏ అభ్యర్థి ఎన్నికల సభలో మాఫీ ప్రకటించినా అక్కడున్న వాళ్లలో ఒక్కరికైనా ఆ అంకెలు తెలిసి ఉంటే, అడిగే ప్రశ్నలు ఇంకోలా ఉంటాయి.

వ్యవసాయ రుణాల లెక్కల గురించి ఒక మాట. ఆర్. రామకుమార్, పల్లవి చవాన్ కొన్నేళ్ల పాటు మీ పట్టికలనే శ్రద్ధగా చదివి, 2000 తర్వాత వ్యవసాయ రుణాల్లో కనిపించిన ఉప్పెన ఎక్కడి నుంచి వచ్చిందో విప్పి చెప్పారు. కోటి రూపాయలకు మించిన పెద్ద అప్పులు, నగరాల్లోని శాఖలు ఇచ్చిన అప్పులు అందులో గట్టి భాగం. పైగా ఏడాది మొత్తం మీద ఇచ్చిన దానిలో పెద్ద ముక్క జనవరి, మార్చి నెలల మధ్య పడుతోంది. ఖరీఫ్ విత్తనం మార్చిలో వేస్తారా అని ఏ రైతునైనా అడగండి. మార్చి నెలాఖరున శాఖలో జరిగేది అప్పు తిరగరాయడం. రైతు వడ్డీ కడతాడు, పాత అప్పు మూసేసినట్టూ కొత్తది ఇచ్చినట్టూ ఒకే రోజు చిట్టాలో పడుతుంది. పత్రికలవాళ్లు దీన్ని బుక్ అడ్జస్ట్‌మెంట్ అంటారు. రైతు చేతికి కొత్తగా రూపాయి రాకపోయినా వార్షిక రుణ ప్రణాళిక లక్ష్యం నిండుతుంది. ఇక కోస్తాలో పంట రుణం పేరుతో బంగారం తాకట్టు మీద ఇచ్చే అప్పుల్లో పొలం దాకా వెళ్లేది ఎంతో, పెళ్లి ఖర్చుకు, ఇంజనీరింగ్ కాలేజీ ఫీజుకు వెళ్లేది ఎంతో మీ పట్టికలు చెప్పలేవు. శాఖలో బంగారం తూచే అప్రైజరు చెప్పగలడు.

ఇక్కడే నా రెండో కోరిక మొదలవుతుంది. ప్రతి శాఖా మీకు బేసిక్ స్టాటిస్టికల్ రిటర్న్స్ పంపుతుంది. ఖాతాల వారీగా అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఏ పనికి, ఏ జిల్లా, మగవారా ఆడవారా అన్నవన్నీ అందులో ఉంటాయి. వాటిని జిల్లాల వారీగా, పెద్ద గుంపులుగా కలిపి మీరు పట్టికలు వేస్తారు. ఆ పట్టికలు ఉపయోగపడేవే, కాదనను. కానీ కౌలు రైతు సంగతి వాటిలో ఎక్కడుంది? ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం, 2019లో ఇంకొక చట్టం కౌలుదారులకు కార్డులిచ్చి బ్యాంకు అప్పు ఇప్పిస్తామన్నాయి. ఆ కార్డు పట్టుకుని శాఖకు వచ్చినవారిలో ఎందరికి అప్పు దొరికింది, ఎంత దొరికింది, ఏ మండలంలో ఏ బ్యాంకు ఇచ్చింది, ఏది ఇవ్వలేదు? పల్లెలో నిజంగా దున్నేవాళ్లలో చాలామంది కౌలుదారులే. వాళ్ల గురించి శాఖ స్థాయి లెక్కతో పరిశోధన జరగాలి. అది జరగాలంటే మీ తాళం తెరుచుకోవాలి.

ఖాతాదారుల గోప్యత మాటేమిటని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో ఇళ్ల అప్పుల వెల్లడి చట్టం 1975లో వచ్చింది. తర్వాతి సవరణలతో, ఎవరి దరఖాస్తు అంగీకరించారు, ఎవరిది తిరస్కరించారు, వాళ్ల జాతి, ఆదాయం ఏమిటి అన్నది పేర్లు లేకుండా దరఖాస్తుల వారీగా ప్రజలకు అందుతోంది. ఆ లెక్కలకు ఇంకొంత సమాచారం జోడించి, ఆదాయం, పాత అప్పుల చరిత్ర ఒకేలా ఉన్నా నల్లజాతివారి దరఖాస్తులు ఎక్కువగా తిరస్కరణకు గురవుతున్నాయని బోస్టన్ ఫెడరల్ రిజర్వు పరిశోధకులే రాశారు. 1996లో అచ్చయిన ఆ పత్రం మీద పెద్ద రభసే జరిగింది. అది రాసినవాళ్లు ఒక కేంద్ర బ్యాంకు ఉద్యోగులు, మీలాంటివారే.

అలాంటి ప్రశ్న మన దగ్గర అడిగినవారూ ఉన్నారు. రేమండ్ ఫిస్మన్, డేనియల్ పరవిసిని, విక్రాంత్ విగ్ ఒక పెద్ద ప్రభుత్వరంగ బ్యాంకు లెక్కలు సంపాదించి, అధికారుల బదిలీలను ఆసరా చేసుకుని 2017లో ఒక పత్రం ప్రచురించారు. అప్పిచ్చే అధికారిదీ అడిగేవారిదీ ఒకే మతమో కులమో అయినప్పుడు ఎక్కువ అప్పు దొరుకుతోందని తేలింది. ఆశ్చర్యం అక్కడితో ఆగలేదు. ఆ అప్పులు తిరిగి కట్టడమూ మెరుగ్గానే ఉంది. అంటే దీన్ని ఉత్త పక్షపాతమని కొట్టిపారేయలేం. తనవాళ్ల గురించి అధికారికి ఎక్కువ తెలుసు, ఎవరు నమ్మదగినవారో తెలుసు. మరి తనవాడంటూ ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోని కులాలవారి మాటేమిటి? వారిని ఎరిగినవారు బ్యాంకులో లేకపోతే వారికి అప్పు ఎలా చేరుతుంది? మేనేజర్ల గదుల్లో దీని గురించి గుసగుసలు ఎన్నో విన్నాను, బహిరంగ చర్చ ఒక్కటీ వినలేదు. ఆ బ్యాంకులో ఎవరో దయతలచి లెక్కలు ఇవ్వబట్టి ఈ ఒక్క పత్రం వచ్చింది. తక్కిన బ్యాంకుల లెక్కలు మీ దగ్గరా వాళ్ల దగ్గరా ఉన్నాయి.

లెక్కలు లోపలివారికే అందితే ఏమవుతుందో పెద్దనోట్ల రద్దు చెబుతుంది. 2016 నవంబరు 8న చలామణిలోని నోట్ల విలువలో 86 శాతం చెల్లకుండా పోయింది. కొత్త నోట్లు ఏ జిల్లాకు ఎంత చేరాయో కరెన్సీ చెస్టుల (నోట్లు నిల్వ ఉంచే ఖజానాల) లెక్క మీ దగ్గర ఉంది. ఆ లెక్కను వాడి, నోట్లు తక్కువగా చేరిన జిల్లాల్లో ఆర్థిక కార్యకలాపం ఎక్కువ దెబ్బతిందని, ఆ మూడు నెలల్లో దేశ వృద్ధి రేటుకు కనీసం 2 శాతం పాయింట్ల నష్టం జరిగిందని గాబ్రియెల్ చోడోరో-రైష్, గీతా గోపీనాథ్, ప్రాచీ మిశ్రా, అభినవ్ నారాయణన్ 2020లో చూపించారు. రచయితల్లో ఇద్దరు మీ సంస్థలో పనిచేసినవారు. వాళ్లు ఆ పని చేసినందుకు నిజంగా అభినందిస్తున్నాను. కానీ వరంగల్‌లోనో తిరుపతిలోనో అర్థశాస్త్రం చెప్పే ఆచార్యుడికి ఆ లెక్క దొరికే దారి ఉందా?

లోపలి పరిశోధన మీద నాకు అపనమ్మకం లేదు. కానీ దానికి ఉండే ఒత్తిడి గురించి కూడా పరిశోధన జరిగింది. కేంద్ర బ్యాంకులు పెద్దఎత్తున బాండ్లు కొని ఆర్థిక వ్యవస్థలోకి డబ్బు వదిలిన విధానం ఎంత ఫలించిందన్న ప్రశ్న మీద వచ్చిన 54 పత్రాలను నలుగురు ఆర్థికవేత్తలు పోల్చి 2021లో ప్రచురించారు. కేంద్ర బ్యాంకుల ఉద్యోగులు రాసిన పత్రాల్లో ఆ విధానం విశ్వవిద్యాలయాలవారు కనుగొన్న దానికన్నా ఎక్కువ ఫలించినట్టు తేలింది. మరీ ఇబ్బందికరమైన సంగతి, ఎక్కువ ఫలితం చూపిన ఉద్యోగులకు పదోన్నతులు మెరుగ్గా వచ్చాయి. మన దగ్గర 2022 ఆగస్టు నాటి మీ నెలవారీ బులెటిన్‌లో మీ పరిశోధకులు ప్రభుత్వ బ్యాంకులను ఒక్క ఊపున ప్రైవేటీకరిస్తే మేలుకన్నా కీడే ఎక్కువ కావచ్చని రాశారు. అదే నెల 19న, ఆ అభిప్రాయాలు రచయితలవే, సంస్థవి కావని మీరు ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఆ వాక్యం ప్రతి పత్రం అడుగునా ఎటూ ఉంటుంది కదా, మళ్లీ ప్రత్యేకంగా ప్రకటన ఎందుకో! బయటివారూ అదే లెక్కలతో అదే ప్రశ్న పరిశీలించగలిగితే, మీ పరిశోధకుడి భుజం మీద భారం అంత ఉండదు.

ఇప్పుడు కళ్ల ముందు ఉన్న అవకాశం ఒకటి చెబుతాను. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. అంతకు నాలుగు నెలల ముందు తెలంగాణలోనూ ఇలాంటి కలయికే జరిగింది. 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. అమెరికాలో బ్యాంకులు కలిసిన తర్వాత మూతపడ్డ శాఖల చుట్టుపక్కల చిన్న వ్యాపారాలకు అప్పు ఏళ్ల తరబడి తగ్గిందని, పక్కన వేరే బ్యాంకులున్నా ఆ లోటు పూడలేదని 2019లో ఒక పరిశోధన చూపించింది. బెన్ బెర్నాంకీకి 2022లో నోబెల్ తెచ్చిన 1983 నాటి పత్రం సారాంశమూ దానికి దగ్గరిదే: బ్యాంకు పోతే, ఎవరు నమ్మదగిన రుణగ్రహీతో దానికి తెలిసిన పరిజ్ఞానం కూడా పోతుంది, దాన్ని మళ్లీ కూడబెట్టడానికి ఏళ్లు పడుతుంది. మన గ్రామీణ బ్యాంకుల శాఖలు బోర్డు మార్చుకుని అలాగే ఉండవచ్చు. కానీ పెద్ద సంస్థలో బదిలీల పరిధి పెరుగుతుంది. ప్రకాశం జిల్లా పొగాకు రైతును ఇరవై ఏళ్లుగా ఎరిగిన ఫీల్డ్ ఆఫీసరు శ్రీకాకుళం వెళితే, ఆ రైతు అప్పు ఏమవుతుంది? విలీనానికి ముందూ తర్వాతా శాఖల వారీ లెక్కలు ఇప్పుడే భద్రపరచి, అధ్యయనం చేయడానికి పరిశోధకులను బహిరంగంగా ఆహ్వానించండి. ఐదేళ్లు ఆగితే పాత కంప్యూటర్ వ్యవస్థల్లోని వివరాలు వెతికినా దొరకవు.

తెలుగు విషయానికి మళ్లీ వస్తున్నాను. కుటుంబాల ధరల అంచనాల సర్వేలో భాగంగా మీరు హైదరాబాదు ఇళ్లలోనూ అడుగుతారు, మూడు నెలల తర్వాత ధరలు ఎలా ఉంటాయని, ఏడాది తర్వాత ఎలా ఉంటాయని. ఆ జవాబులు వడ్డీ రేట్లు నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ ముందుకు వెళతాయి. కాబట్టి మా భాషలో మమ్మల్ని అడగడం మీకు సాధ్యమే. మోసపూరిత ఫోన్ల మీద తెలుగులో హెచ్చరికలు కూడా చక్కగానే ఇస్తున్నారు. సామాన్యుడికి జాగ్రత్తలు మాత్రమే చాలు, పరిశోధన అక్కర్లేదని మీరు అనుకుంటున్నట్టుగా ఉంది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2017 నవంబరు నుంచి తన ద్రవ్యోల్బణ నివేదికకు సామాన్యులకు అర్థమయ్యే సారాంశాన్ని జోడించడం మొదలుపెట్టింది. అలా తేలిక భాషలో, రోజువారీ జీవితానికి ముడిపెట్టి రాస్తే జనానికి మెరుగ్గా అర్థమవుతోందని ఆ సంస్థ పరిశోధకులే పరీక్ష పెట్టి 2019లో నిరూపించారు. మీరు కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు.

2003 నుంచి 2013 దాకా వరుసగా పదేళ్లు వై.వి. రెడ్డిగారు, దువ్వూరి సుబ్బారావుగారు మీ గవర్నర్లు. 2008 మాఫీ, 2010 సూక్ష్మరుణ సంక్షోభం రెండూ ఆ పదేళ్లలోవే. తెలుగువాళ్లు ఆ కుర్చీలో ఉన్నప్పుడు కూడా ఈ పని మొదలు కాలేదంటే, ఇది ఏ ఒక్క వ్యక్తి శ్రద్ధకో వదిలేసే విషయం కాదని అర్థమవుతోంది. మీ విభాగానికి ఒక నియమంగానే రావాలి: ఒక రాష్ట్రపు జిల్లాల లెక్కలు గాని, ఖాతాదారుల జవాబులు గాని వాడి రాసిన ప్రతి పత్రానికీ ఆ రాష్ట్ర భాషలో రెండు పేజీల సారాంశం ఉండాలి. విశ్వవిద్యాలయాల పరిశోధకులకు మీ లెక్కలు ఇచ్చేటప్పుడు కూడా ఈ షరతు పెట్టవచ్చు. ఆ సారాంశం జిల్లా స్థాయి బ్యాంకర్ల కమిటీ సమావేశంలో చదవాలి, పొదుపు సంఘాల మండల సమాఖ్యలకు పంపాలి, డిగ్రీ కళాశాలల అర్థశాస్త్ర విభాగాలకు చేరాలి.

మొదలుపెట్టడానికి హైదరాబాదు బస్తీల పత్రం, 2010 సంక్షోభం మీద బ్రెజా, కిన్నన్‌ల పత్రం, 2008 మాఫీ మీద జినే, కాన్జ్‌ల పత్రం చాలు. అనువాదాల చిత్తుప్రతులు రైతుకు అర్థమయ్యేలా ఉన్నాయో లేదో చదివి చెప్పడానికి, రెండు రాష్ట్రాల్లో నాలాంటి విశ్రాంత బ్యాంకు ఉద్యోగులు చాలామంది దొరుకుతారు. డబ్బేమీ ఇవ్వనక్కర్లేదు. శాఖల లెక్కలు ఎప్పుడు, ఏ షరతుల మీద బయటి పరిశోధకులకు తెరుస్తారో, గ్రామీణ బ్యాంకుల విలీనం మీద అధ్యయనానికి పిలుపు ఎప్పుడు ఇస్తారో ఒక ప్రకటనలో చెప్పమని కోరుతున్నాను. మీ బ్యాంకుల తనిఖీ నివేదికలను సమాచార హక్కు కింద ఇవ్వాల్సిందేనని 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు జయంతిలాల్ మిస్త్రీ కేసులో చెప్పేదాకా మీరు ఆగారు. దీనికి కూడా ఎవరో ఒకరు కోర్టు మెట్లు ఎక్కాల్సిన పరిస్థితి రానివ్వకండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత గ్రామీణ బ్యాంకు అధికారి